పందులకు నచ్చిన బురద

తుమ్మెదలకోన అనే అడవిలో రెండు కొండచరియలు ఎదురెదురుగా ఉండేవి. వాటి మధ్య నుంచి ఒక వాగు దిగి వచ్చి కింద మడుగు కట్టేది. తూర్పు చరియ మీద అడవిపందుల మంద ఉండేది. పడమటి చరియ మీద ముళ్ళపందులు బొరియలు చేసుకుని ఉండేవి. పైన బండల సందుల్లో ఎలుగుబంట్లు కాపురం. జింకలు, కుందేళ్ళు, నెమళ్ళు ఎక్కడ మేత ఉంటే అక్కడ తిరిగేవి. ఎవరు ఎక్కడ తిరిగినా అందరూ నీళ్ళు తాగేది మాత్రం ఆ మడుగులోనే.

మడుగు ఒడ్డున ఒక నల్లబండ ఉండేది. వానలు వెలిసే నాటికి నీళ్ళు ఎక్కడిదాకా నిలిచేవో, అక్కడ బండ మీద తెల్లటి చార పడింది. నీళ్ళు ఆ చార దాకా ఉన్నప్పుడు మడుగు నడిమధ్యకు వెళితే ఎంత పెద్ద పంది అయినా ఈదవలసిందే. కాళ్ళకు నేల తగిలేది కాదు.

ఆ రెండు చరియల నిండా అడవిపెండలం తీగలు చెట్లకు అల్లుకుని ఉండేవి. వానాకాలంలో తీగ పైకి పాకుతుంది, దుంప మట్టిలోకి దిగుతుంది. చలికాలం పోయే సరికి తీగ ఎండిపోతుంది. అప్పటి నుంచి మళ్ళీ తొలకరి పడేదాకా పందులకూ ముళ్ళపందులకూ ఆ దుంపే కూడు. ఎండాకాలంలో ఆ కోనలో మరో తిండి దొరకడం కష్టం.

దుంప తవ్వడానికి అక్కడ ఒక పద్ధతి ఉండేది. పక్క నుంచి తవ్వి దుంప కింది భాగం తినాలి. తీగ పుట్టే పైముక్కను మాత్రం ముట్టుకోకూడదు. దాన్ని వాళ్ళు ‘తల’ అనేవారు. తలను గోతిలోనే వదిలి, మట్టి కప్పి, కాలితో తొక్కి వెళ్ళాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. తల్లులు నేర్పేవారు, పిల్లలు విసుక్కుంటూ నేర్చుకునేవారు.

పందుల మందకు పెద్ద కోరయ్య. మంచి వయసులో ఉన్న మగపంది. కోరలు చెట్లకు రుద్ది రుద్ది నిగనిగలాడిస్తూ ఉండేవాడు. అతనికి తెలివి లేదని నేను అనను. కాస్త ఎక్కువే ఉంది. ఎక్కువైన ఆ కాస్తతోనే వచ్చింది చిక్కంతా.

ఒక సాయంత్రం కోరయ్య దుంప తిని, తల మీద మట్టి కప్పబోయాడు. కడుపు ఇంకా నిండలేదు. అటూ ఇటూ చూసి ఆ తలను కూడా నోట్లో వేసుకున్నాడు. నారనారగా ఉంది, కానీ తియ్యగా ఉంది. ఏమీ కాలేదు. ఆకాశం విరిగి మీద పడలేదు. మర్నాడు కూడా తిన్నాడు. ఆ మర్నాడు మందనంతా పిలిచాడు.

"మన పెద్దలు తల ఎందుకు వదలమన్నారో నేను కనిపెట్టాను" అన్నాడు.

"ఎందుకు?" అన్నాయి పందులు.

"ముసలితనంలో వాళ్ళకు పళ్ళు ఊడిపోయాయి. తల నమలలేకపోయారు. ఆ మాట పైకి చెప్పుకోవడానికి నామోషీ. అందుకని వదలడమే పద్ధతి అన్నారు. వాళ్ళ పళ్ళు ఊడితే మనం అర్ధాకలితో ఉండాలా?"

పందులన్నీ పడీ పడీ నవ్వాయి. అతని భార్య మట్టమ్మ మాత్రం నవ్వలేదు. ఎండాకాలం దుంపల మీదే ఆవిడ పాలు, ఆ పాల మీదే పిల్లల ప్రాణాలు. ఆవిడకు నవ్వెలా వస్తుంది?

"తల తినేస్తే మళ్ళీ తీగ ఎలా వస్తుందయ్యా?" అని అడిగింది.

"వాన పడితే వస్తుంది. గడ్డిని ఎవరు నాటుతున్నారు? అదే రావడం లేదూ?"

ఆ మాటకు మట్టమ్మకు జవాబు తోచలేదు. జవాబు తోచనంత మాత్రాన అవతలి మాట నిజమైపోదు. కానీ మందలో అందరూ అలాగే అనుకున్నారు.

ఆ రోజు నుంచి తూర్పు చరియ మీద ఎవరూ తల వదలలేదు. తలే లేనప్పుడు మట్టి కప్పడం ఎందుకని గోతులు కూడా తెరిచే వదిలేశారు. పని తేలికైంది, తిండి పెరిగింది. ఆ ఎండాకాలం పందులు బాగా ఒళ్ళు చేశాయి. పుట్టిన పిల్లలు పుట్టినట్టు బతికాయి. కోరయ్య పేరు పక్క కోనల దాకా పాకింది. అక్కడి పందులు కూడా కొన్ని వచ్చి మందలో కలిశాయి.

పడమటి చరియ మీద సూదమ్మ అనే ముసలి ముళ్ళపంది ఉండేది. మాట కరుకు, మనసు మంచిది. పేరులో పంది ఉంది కదా అని కోరయ్య ఆవిడను అత్తా అని పిలిచేవాడు. నీళ్ళకు వచ్చినప్పుడు ఆవిడ తూర్పు చరియ కేసి చూసింది.

"ఏమిటి కోరయ్యా, కొండకు మశూచి వచ్చినట్టు ఆ గోతులేమిటి?"

"కొత్త పద్ధతి అత్తా. తలలు కూడా తింటున్నాం. నువ్వూ మొదలుపెట్టు, పళ్ళున్నాయిగా."

"పళ్ళున్నాయి. తినను."

"ఎందుకని?"

"ఎందుకో నాకూ తెలియదు. తల వదిలిన చోట తీగ రావడం చూశాను. తల లేని చోట రావడం చూడలేదు. నాకు అంత మాత్రం చాలు."

"వానలు పడనీ, చూపిస్తాను" అన్నాడు కోరయ్య.

పైన బండల్లో ఉండే ఎలుగుబంటి బొంతయ్య ఆ మాటలు విన్నాడు. "ఇద్దరూ చెప్పేది సబబుగానే ఉంది" అన్నాడు. పడమటి చరియ మీద సూదమ్మ చూస్తుండగా తలలు వదిలేవాడు. తూర్పు చరియ మీదికి వచ్చి తలలు తినేవాడు. అలాంటివాళ్ళకు ఎక్కడా శత్రువులుండరు.

వానలు పడ్డాయి. కోరయ్య చెప్పినట్టే తూర్పు చరియ మీద తీగలు వచ్చాయి. గుబుర్లలో పందుల కంటపడని తలలు కొన్ని ఉన్నాయి, తీగల నుంచి రాలిన చిన్న కాయలు కొన్ని ఉన్నాయి. అవే మొలిచాయి. ముందటి ఏడుతో పోలిస్తే తీగలు బాగా తగ్గాయి. కానీ మొలిచిన తీగ కంటికి కనబడుతుంది, మొలవని తీగ ఎవరికి కనబడుతుంది?

"చూశావా అత్తా, వచ్చాయి" అన్నాడు కోరయ్య.

"వచ్చినవి చూశాను" అంది సూదమ్మ.

వానలు ముదిరాయి. తెరిచి వదిలేసిన గోతుల్లో నీళ్ళు నిలిచాయి. గట్లు కరిగి ఒక గొయ్యి ఇంకో గోతిలో కలిసింది. ఎర్రమట్టి వాగులో పడి, వాగుతోపాటు మడుగులోకి దిగింది. ఇదివరకు తీగలూ వేళ్ళూ ఆ మట్టిని పట్టుకుని ఉండేవి. ఇప్పుడు పట్టుకునేవి తగ్గిపోయాయి.

జింకలు మడుగు దగ్గరికి వచ్చి మూతులు ముడుచుకున్నాయి. "నీళ్ళు ఎర్రగా ఉన్నాయి, తాగలేకపోతున్నాం" అన్నాయి.

పందులు మాత్రం సంబరపడిపోయాయి. పిల్లలూ, పందికి బురద అంటే ఎంత ఇష్టమో మీకు తెలుసు కదా. ఇదివరకు మడుగు అంచున మాత్రమే బురద ఉండేది, పొర్లడానికి వంతులు వేసుకునేవారు. ఇప్పుడు మడుగంతా మెత్తటి ఎర్రటి బురద. మంద మొత్తం ఒక్కసారే దిగి పొర్లింది. అంతకంటే గొప్ప వానాకాలం తాము ఎరగమని ముసలి పందులు కూడా అన్నాయి.

"పాత పద్ధతి వదిలినందుకు కోన మనకిచ్చిన బహుమానం ఇది" అన్నాడు కోరయ్య. అతను అబద్ధం ఆడలేదు. నిజంగానే నమ్మాడు.

సూదమ్మ బండ పక్కన నిలబడి చూస్తోంది. కోరయ్య ఆవిడకు తెల్లచారను చూపించాడు.

"నీళ్ళు తగ్గాయేమోనని చూస్తున్నావా? చార దాకానే ఉన్నాయి అత్తా."

"పైన చూస్తే ఏం తెలుస్తుంది? మధ్యలోకి వెళ్ళు."

కోరయ్య మధ్యలోకి వెళ్ళాడు. ఈదవలసిన అవసరం రాలేదు. కాళ్ళు నేలకు ఆనాయి, నీళ్ళు పొట్ట దాకా వచ్చాయి.

"ఇంకా మంచిది" అన్నాడు. "ఇదివరకు పిల్లలు మునిగిపోతారని మట్టమ్మ ఒకటే హడలిపోయేది. ఇప్పుడు ఆ భయం లేదు."

సూదమ్మ వెనక్కి తిరిగి తన చరియ ఎక్కింది. వినేవాడికైతే చెప్పవచ్చు. సంతోషంలో ఉన్నవాడికి చెప్పడం కష్టం.

తర్వాతి ఏళ్ళు కూడా అలాగే నడిచాయి. మంద పెరిగింది, తీగలు తగ్గాయి. దుంపలు దొరకని చోట పందులు ఇంకా లోతుగా తవ్వాయి. చెట్ల వేళ్ళు తెగాయి. ఒక పెద్ద వానకు తూర్పు చరియ సగం జారి వాగులో పడింది. మడుగులో మట్టి మేట వేసింది. ఎక్కువ నీళ్ళు నిలవడానికి చోటు లేక పక్క నుంచి పొర్లి కిందికి పోయాయి.

ఆ ఏడు ఎండలు తొందరగా వచ్చాయి. ఎండిన తీగ జాడ పట్టుకుని దుంప వెతుక్కోవాలి. తూర్పు చరియ మీద జాడ పట్టుకోవడానికి తీగే లేదు. ఉన్నవి రాళ్ళు. పక్క కోనల నుంచి వచ్చిన పందులు చెప్పా పెట్టకుండా వెళ్ళిపోయాయి. బొంతయ్య కూడా సర్దుకున్నాడు.

"వేరే కోనలో చుట్టాలున్నారు, చూసి చాలా రోజులైంది" అని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

మడుగులో నీళ్ళు ముందు చిక్కబడ్డాయి. తర్వాత బురదే మిగిలింది. పందులు రెండు మూడు రోజులు అందులోనే పొర్లి చల్లబడ్డాయి. ఆ తర్వాత బురద గట్టిపడి, నెర్రెలు విచ్చింది. పొర్లడానికీ లేదు, తాగడానికీ లేదు.

మట్టమ్మకు ఆ ఏడు పుట్టిన పిల్లలు వెంట ఉన్నాయి. ఆవిడకు పాలు ఇంకిపోయాయి. అందరిలో చిన్నది, చారల చారల ఒంటిది, నడుస్తూ నడుస్తూ కూర్చుండిపోతోంది.

కోరయ్య మడుగు మధ్యకు వెళ్ళి తవ్వడం మొదలుపెట్టాడు. కింద నీళ్ళు ఉంటాయని అతని ఆశ. ఉన్నాయి కూడా, కానీ అవి ఎంతో లోతున ఉన్నాయి. పైనంతా తన కొండ మీది మట్టే. తవ్విన కొద్దీ అదే ఎర్రమట్టి, రాయిలా బిగిసిపోయి ఉంది. పొద్దు వంగే దాకా తవ్వాడు. కుడికోర మొదలంటా విరిగింది.

"ఇంకొంచెం తవ్వితే తగులుతాయి" అన్నాడు, నోటి నుంచి రక్తం కారుతుండగా.

మట్టమ్మ అతని కేసి చూసింది. ఆవిడకు జాలి వేసింది, కోపం అంతకంటే ఎక్కువ వచ్చింది.

"నీ తెలివి నాకు చాలయ్యా. పిల్లలకు నీళ్ళు కావాలి" అంది.

పిల్లలను వెంటబెట్టుకుని వాగు దాటి పడమటి చరియ ఎక్కింది. అక్కడ చెట్ల కింద నేల ఇంకా మెత్తగానే ఉంది. ఎండిన తీగలు కొమ్మలకు వేలాడుతున్నాయి. సూదమ్మ బొరియ పక్కన బండ కింద సన్నటి ఊట ఉంది. వానకు పడిన నీటిని ఆ కొండ తాగి దాచుకుని, కొంచెం కొంచెంగా వదులుతోంది.

సూదమ్మ పక్కకు జరిగి దారి ఇచ్చింది. "ముందు పిల్లలను తాగనివ్వు" అంది.

"అత్తా, నేను అడగలేను..."

"అడగక్కర్లేదు. తాగండి, తవ్వుకోండి. తలలు వదలండి, గోతులు పూడ్చండి. మందనంతా ఈ చరియ పోషించలేదు. మీ వరకు చూస్తాను."

పిల్లలు తాగాయి. చిన్నది మాత్రం ఊట దాకా రాలేదు. కిందనే, తీగల మొదట్లో పడుకుండిపోయింది. మట్టమ్మ మూతి తడుపుకుని వెళ్ళి దాని నోటికి ఆనించింది. అది నాలుక ఆడించలేదు.

కోరయ్య వెనకాలే తూలుకుంటూ వచ్చాడు. చూశాడు. మిగిలిన ఒక్క కోరతో అక్కడే గొయ్యి తవ్వి పిల్లను అందులో పెట్టాడు. మట్టి కప్పి, కాలితో తొక్కాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత అతను పూడ్చిన మొదటి గొయ్యి అదే.

మిగిలిన మంద నీళ్ళు వెతుక్కుంటూ తలో దిక్కుకూ వెళ్ళిపోయింది. తొలకరికి ముందు కోరయ్య సూదమ్మ బొరియ దగ్గరికి వచ్చాడు.

"అత్తా, కొన్ని తలలు కావాలి."

"తినడానికా?"

"తూర్పు చరియ మీద పాతడానికి."

"దారిలో తినవని ఏమిటి నమ్మకం?"

"నమ్మొద్దు. నా పక్కనే రా."

సూదమ్మ నిజంగానే అతని పక్కనే నడిచింది. ముసలిది వాగు దిగి, కొండ ఎక్కి, ఆయాసపడుతూ ఒక రాయి మీద కూర్చుంది. కోరయ్య గోతులు చేసి తలలు పెట్టాడు. పాతినవన్నీ మొలవలేదు. చాలా చోట్ల మట్టే లేదు, వేరు దిగబోతే రాయి తగిలింది. పల్లాల్లో, బండల చాటున, కాస్త మన్ను మిగిలిన చోట మాత్రం తీగలు లేచాయి. వాటిని ఏళ్ళ తరబడి ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తనూ ముట్టుకోలేదు. పళ్ళు కదిలిపోయే దాకా పడమటి చరియ మీద అరకడుపుతో బతికాడు. మందకు పెద్ద అని అతన్ని మళ్ళీ ఎవరూ పిలవలేదు.

సూదమ్మ నిండుగా బతికి, ఒక వానాకాలం నిద్రలోనే పోయింది. ఆవిడ పిల్లలూ, పిల్లల పిల్లలూ ఆ చరియ మీదే హాయిగా ఉన్నారు. మట్టమ్మ కూడా పోయింది. కోరయ్య ముసలివాడయ్యాడు. రెండో కోర కూడా రాలిపోయింది, నోట్లో పళ్ళు లేవు.

అతని మనవరాలు మువ్వ. చురుకైన పిల్ల, తాత పోలికే. ఒకరోజు తూర్పు చరియ మీద పల్లంలో మొదటిసారిగా దుంప తవ్వుకోవడానికి కోరయ్య ఆ పిల్లకు అనుమతి ఇచ్చాడు. మువ్వ తవ్వింది, తిన్నది, మెత్తటి ముక్క ఒకటి తాతకు తెచ్చి పెట్టింది.

"తల వదిలావా?" అని అడిగాడు.

మువ్వ నోటి సందులో నుంచి తల బయటికి కనబడుతోంది. దాన్ని తీసి కింద పెట్టి నవ్వింది.

"నీకు పళ్ళు లేవు కాబట్టి వదలమంటున్నావు తాతా. నాకు ఉన్నాయిగా?"

కోరయ్య నిలబడిపోయాడు. తన మాటే ఇన్నేళ్ళు తిరిగి తిరిగి తన దగ్గరికే వచ్చింది. అతనికి సిగ్గు వేసింది, భయం కూడా వేసింది. కోప్పడదామనుకున్నాడు. తనను ఎవరైనా కోప్పడి ఉంటే తను వినేవాడా? లేదు. అందుకని కోప్పడలేదు.

"ఆ తల పట్టుకుని నాతో రా" అన్నాడు.

ఇద్దరూ కిందికి దిగారు. కింద గడ్డి మొలిచిన మైదానం ఉంది. తుమ్మ పొదలు అక్కడక్కడా ఉన్నాయి. ఒక అంచున నల్లబండ, మైదానంలో నుంచి కాస్త మాత్రమే పైకి తేలి ఉంది. దాని మీద గడ్డికి ఆనుకుని ఒక తెల్లచార ఉంది.

"ఇదేమిటో తెలుసా?" అన్నాడు కోరయ్య.

"గీత."

"నీళ్ళు ఆ గీత దాకా ఉండేవి."

మువ్వ గీతను చూసింది. కాళ్ళ కింది గడ్డిని చూసింది. "గీత నేల దగ్గరే ఉందిగా తాతా. నీళ్ళు ఎక్కడ ఉండేవి?"

"మనం నిలబడ్డది నేల కాదమ్మా, మడుగు. నీ కాళ్ళ కింద నేను ఈదాను. కోన మొత్తం ఇక్కడ నీళ్ళు తాగింది. నాకు పళ్ళున్న రోజుల్లో మేం ఆ కొండను తిని ఇందులో పోశాం. మీ నాన్నకు ఒక చెల్లెలు ఉండేది. ఆ పిల్లకు గుక్కెడు నీళ్ళు దొరకలేదు."

మువ్వ మరోసారి ఆ గీతను చూసింది. తర్వాత తలను నోట కరుచుకుని, తాత కోసం ఆగకుండా, గబగబా చరియ ఎక్కింది. తవ్విన గోతిలో దాన్ని తీగ పుట్టే వైపు పైకి ఉండేలా పెట్టి, మట్టి లాగి, కాలితో తొక్కింది. కింద నుంచి కోరయ్యకు అంత దూరం సరిగా కనబడలేదు. తొక్కిన చప్పుడు మాత్రం వినబడింది.

తొలకరికి ఆ గోతి దగ్గర తీగ లేచింది. అప్పటికి కోరయ్య లేడు. మువ్వ ఉంది. తర్వాత మువ్వ పిల్లలు అక్కడ తవ్వారు, పూడ్చారు. తూర్పు చరియ కొంత పచ్చబడింది. మడుగు మాత్రం ఇప్పటికీ తిరిగి రాలేదు.

నీతి: ప్రకృతి ఇచ్చినదాన్ని తినవచ్చు, మళ్ళీ మొలిచేదాన్ని మిగల్చాలి. మొదట్లో నష్టం కనబడకపోయినా, మనం మిగల్చకపోతే ఆకలితో మాడేది మన పిల్లలే.